రిగ్ ఆగిపోయింది, పని ఎటు వెళ్తోంది? ఆయిల్–గ్యాస్ రంగంలో ఉన్నవాళ్లు చెప్పండి

ఉద్దానం_రిగ్గర్ | 16 నవంబర్ 2025, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, కవిటి వైపు. ఎనిమిదేళ్లు రిగ్గర్ పని, అంటే క్రేన్లకి బరువులు కట్టి లేపే పని, చేశాను. మూడేళ్లు ముంబైలో ఒక యార్డులో, తర్వాత ఐదేళ్లు సౌదీ సముద్రంలో జాకప్ రిగ్ (కాళ్ల మీద నిలబడి బావి తవ్వేది) మీద.

2024 వేసవిలో మా రిగ్‌కి సస్పెన్షన్ లెటర్ వచ్చింది. పన్నెండు నెలలు ఆపుతున్నాం, తర్వాత పిలుస్తాం అన్నారు. మూడు కాళ్లూ పైకి లేపి, టగ్గులు కట్టి రిగ్‌ని యార్డు వైపు లాక్కెళ్తున్న రోజు స్లింగులన్నీ (బరువులకి కట్టే తాళ్లు) లెక్కపెట్టి స్టోరులో వేసింది నేనే. స్లింగులకి రంగు వేస్తాం కదా, ఏ రంగు వేసినవి ఇప్పుడు వాడొచ్చో బోర్డు మీద రాసి ఉంటుంది. చివరగా రాసింది ఆకుపచ్చ. తర్వాత ఆ బోర్డు ఎవరూ మార్చలేదు.

మూడు నెలలు సగం జీతం ఇచ్చారు. ఆ తర్వాత "ఫోన్ చేస్తాం" అన్నారు, ఇప్పటిదాకా చేయలేదు. మధ్యలో రెండు షట్‌డౌన్ పనులు దొరికాయి, అంతే. నాన్నకి వారానికి రెండుసార్లు పలాసలో డయాలసిస్. మా ఉద్దానం వైపు కిడ్నీ జబ్బుల సంగతి మీకు తెలుసు కదా.

నా ప్రశ్న ఒకటే. ఇది ధర పడినప్పుడు వచ్చే మామూలు మాంద్యమా, లేక ఈ వ్యాపారమే మారిపోయిందా? కేజీ (కృష్ణా–గోదావరి) బేసిన్‌లో నాలాంటివాడికి పని ఉందా? ఖతర్ వెళ్లమంటున్నారు కొందరు. ఆయిల్ అయిపోయింది, ఏసీ మెకానిక్ నేర్చుకో అంటున్నారు ఇంకొందరు. దయచేసి తెలిసినవాళ్లే చెప్పండి.

గోదారి_గట్టు | 16 నవంబర్, రాత్రి 10:40

తమ్ముడూ, నేను రాజమండ్రి. ముప్పై నాలుగేళ్లు డ్రిల్లింగ్‌లో చేసి రిటైరయ్యాను. నువ్వు అడిగినదాంట్లో మొదటి భాగానికి జవాబు చెబుతాను.

మీ రిగ్ ఆగడానికి కారణం మీ కంపెనీలో లేదు. 2024 జనవరిలో సౌదీ ప్రభుత్వం తన ఆయిల్ కంపెనీ ఆరామ్‌కోకి ఒక ఆదేశం ఇచ్చింది. రోజుకి 1.3 కోట్ల బ్యారెళ్లు తీసేలా సామర్థ్యం పెంచాలని అంతకుముందు అనుకున్నారు. అది వద్దు, 1.2 కోట్ల దగ్గరే ఆగండి అన్నారు. ఆ పది లక్షల బ్యారెళ్లలో ఎక్కువ భాగం సముద్రంలోని ఫీల్డుల నుంచే రావాలి. అవి వద్దనుకున్నాక వాటి కోసం తెచ్చుకున్న రిగ్‌లతో పనేముంది? ఆ ఒక్క ఏడాదిలో 20కి పైగా జాకప్‌లని ఆపేశారు. ఒక్కో జాకప్ మీద రెండు షిఫ్టులకీ కలిపి వందమంది పైనే ఉంటారు. వాళ్లతో పాటు బోట్లవాళ్లు, క్యాటరింగ్‌వాళ్లు, ఒడ్డున వర్క్‌షాపులవాళ్లు కూడా ఖాళీ అయ్యారు. ఈ ఏడాది చివరికొచ్చేసరికి కొన్ని రిగ్‌లని తిరిగి పిలుస్తున్నారని వింటున్నాం. కానీ మునుపటి సంఖ్య వెంటనే వస్తుందని నేను చెప్పలేను.

రెండో సంగతి. జాకప్ అంటే కాళ్లు నేలకి ఆనించి నిలబడే రిగ్. నూట ఇరవై, మరీ పెద్దదైతే నూట యాభై మీటర్ల లోతు దాటితే దాని వల్ల కాదు. కాకినాడ ముందు ఇప్పుడు గ్యాస్ తీస్తున్న చోట్లు అంతకంటే చాలా లోతు. రిలయన్స్ వాళ్ల ఆర్ క్లస్టర్ గ్యాస్ ఫీల్డు దగ్గర నీళ్లే రెండు వేల మీటర్ల పైన. అక్కడ డ్రిల్‌షిప్ కావాలి. అది లంగరు వేయదు, ఇంజిన్లతోనే ఒకే చోట నిలబడుతుంది. నీ చేతి పని అక్కడా పనికొస్తుంది కానీ కాగితాలు వేరు, అలవాట్లు వేరు. రేపు వివరంగా రాస్తాను, కళ్లు లాగుతున్నాయి.

మిడ్‌ల్యాండ్_తెలుగు | 17 నవంబర్, ఉదయం 7:05

టెక్సాస్‌లో పెర్మియన్ బేసిన్ అనే ఆయిల్ ప్రాంతంలో రిజర్వాయర్ ఇంజినీర్‌ని (నేల కింద ఎంత ఆయిల్ ఉందో లెక్కగట్టే పని), ఊరు తణుకు. గురువుగారు చెప్పింది నిజమే కానీ సౌదీ ఒక్కటే కారణం అనుకోవద్దు. ఇక్కడ నేను రోజూ చూస్తున్నదే మొత్తం రంగానికి జరుగుతోంది.

2014లో అమెరికాలో ఆయిల్ రిగ్‌లు 1,600 దాటాయి. అప్పుడు రోజుకి దాదాపు 88 లక్షల బ్యారెళ్లు వచ్చేవి. ఇప్పుడు రిగ్‌లు 400 పైచిలుకు. ఉత్పత్తి 1.3 కోట్ల బ్యారెళ్లు దాటింది. రిగ్‌లు నాలుగో వంతుకి పడిపోతే ఆయిల్ ఒకటిన్నర రెట్లయింది. మేం మొదట్లో బావిని అడ్డంగా ఒక మైలు తవ్వేవాళ్లం, ఇప్పుడు రెండు మూడు మైళ్లు, ఒక్కోచోట నాలుగు మైళ్లు కూడా తవ్వుతున్నాం. పక్కపక్కనే ఉన్న రెండు బావుల్ని ఒకేసారి ఫ్రాక్ చేస్తున్నాం, అంటే నీళ్ల ఒత్తిడితో లోపలి రాయిని పగలగొడుతున్నాం. అప్పట్లో మూడు వారాలు పట్టే బావి ఇప్పుడు చాలాచోట్ల పది రోజుల్లోపే అయిపోతోంది.

పైగా కంపెనీలన్నీ కలిసిపోతున్నాయి. ఎక్సాన్‌మొబిల్ దాదాపు 6,000 కోట్ల డాలర్లకి పయొనీర్‌ని కొంది. షెవ్రాన్ 5,300 కోట్లకి హెస్‌ని తీసుకుంది. హెస్‌కి వాటా ఉన్న గయానా ఫీల్డు మీద ఎక్సాన్‌తో పంచాయితీ తేలి ఆ డీల్ మొన్న జులైలో పూర్తయింది. కొనోకోఫిలిప్స్ మారథాన్‌ని కలుపుకుంది. డైమండ్‌బ్యాక్ మా ఊళ్లోనే ఉన్న ఎండీవర్‌ని కొంది. రెండు కంపెనీలు ఒకటైతే రెండు అకౌంట్స్ విభాగాలు, రెండు జియాలజీ టీములు ఎందుకు? షెవ్రాన్ 2026 చివరికి 15 నుంచి 20 శాతం ఉద్యోగులని తగ్గిస్తానంది. కొనోకో 20 నుంచి 25 శాతం అంది. మా ఆఫీసులో నా వరుసలో ఏడు కుర్చీలుంటే ఇప్పుడు మనుషులున్నవి మూడు.

ఇదివరకు ధర పెరిగితే అందరూ ఎగబడి తవ్వేవాళ్లు. ఇప్పుడు షేర్‌హోల్డర్లు ఒప్పుకోవట్లేదు. మిగిలిన డబ్బు డివిడెండ్‌గా ఇవ్వు, షేర్లు తిరిగి కొను, కొత్త బావి సంగతి తర్వాత అంటున్నారు. అందుకే తమ్ముడూ, ధర లేచినా పాత సంఖ్యలో ఉద్యోగాలు తిరిగి రావు. నీకు నచ్చకపోవచ్చు, కానీ నిజం ఇదే.

ఐఐపీఈ_సెకండియర్ | 17 నవంబర్, ఉదయం 8:31

అన్నా, నేను వైజాగ్‌లో పెట్రోలియం ఇంజినీరింగ్ చదువుతున్నాను. మీ పోస్టు చదివాక చాలా టెన్షన్‌గా ఉంది. బ్రాంచి మార్చుకోవాలా?

మిడ్‌ల్యాండ్_తెలుగు | 17 నవంబర్, ఉదయం 8:50

మార్చుకోకు. కానీ డ్రిల్లింగ్ ఒక్కటే చదివి ఆగిపోకు. పైథాన్ నేర్చుకో, గ్యాస్ కాంట్రాక్టులు ఎలా రాస్తారో చదువు, సబ్‌సీ (సముద్రం అడుగున పెట్టే పరికరాలు) మీద ఒక ప్రాజెక్ట్ చెయ్యి. మన దేశం వాడే ఆయిల్‌లో 85 శాతం పైనే దిగుమతి. అలాంటి చోట ఈ చదువు ఎందుకూ పనికిరాకుండా పోదు.

మల్కాపురం_గేటు | 17 నవంబర్, మధ్యాహ్నం 1:20

వైజాగ్ రిఫైనరీ చుట్టూ కాంట్రాక్ట్ ఇన్‌స్పెక్షన్ పనులు చేస్తాను, పైపుల మందం కొలవడం, వెల్డ్ టెస్టింగ్. మీరంతా బావుల గురించే మాట్లాడుతున్నారు. పని ఎక్కువ ఉన్నది ఒడ్డున.

1957లో కాల్టెక్స్ కట్టిన రిఫైనరీ ఇది. ఈమధ్య 83 లక్షల టన్నుల నుంచి 1.5 కోట్ల టన్నులకి పెంచారు. అడుగున మిగిలే జిగట నూనెని కూడా విరగ్గొట్టి డీజిల్ చేసే యూనిట్ కట్టారు. దానికి తెచ్చిన రియాక్టర్లు ఒక్కోటి రెండు వేల టన్నుల పైన. అంత బరువు లేపిన రోజు మేం పని ఆపేసి దూరంగా నిలబడి చూశాం. రిగ్గింగ్ ఫోర్‌మన్ నోట్లో విజిల్ పెట్టుకుని, చెయ్యి పైకెత్తి వేళ్లతో సైగలు చేస్తుంటే చుట్టూ ఉన్నవాళ్లెవరూ మాట్లాడలేదు. తమ్ముడూ, అది నీ పనే కదా.

ఇంకో మార్పు చెబుతాను, బయటివాళ్లకి కనపడదు. 2022కి ముందు మన దేశం కొనే క్రూడ్‌లో (ముడి చమురులో) రష్యాది రెండు శాతం కూడా లేదు. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత వాళ్లు డిస్కౌంట్ ఇచ్చారు, మనవాళ్లు మూడో వంతు దాకా అక్కడినుంచే తెచ్చారు. పోయిన నెల 22న అమెరికా రష్యా కంపెనీలు రోస్‌నెఫ్ట్, లుకాయిల్ మీద ఆంక్షలు పెట్టింది. 2026 జనవరి నుంచి రష్యన్ క్రూడ్‌తో చేసిన డీజిల్ మాకొద్దని యూరప్ అంటోంది. మళ్లీ క్రూడ్ మార్చాలి. పేపర్లో ఇదంతా రాజకీయంలా ఉంటుంది. మాకు మాత్రం ప్రతి క్రూడ్ ఒక కొత్త మనిషిలాంటిది. దాంట్లో గంధకం ఎంత, ఆమ్లం ఎంత అనేదాన్ని బట్టి ఏ పైపుని ఎంత తొందరగా తినేస్తుందో మారిపోతుంది. మూల మలుపుల దగ్గర మందం నెలనెలా కొలవాల్సి వస్తోంది. చవక క్రూడ్ దొరికిన ఏడాది లాభం ఆఫీసుకి, పని మాకు. అందుకే నాకు చేతినిండా పని ఉంది.

పెట్రోల్ అమ్మకం ఎప్పటికీ ఇలాగే పెరగదని అందరికీ తెలుసు. ఇరవై శాతం ఇథనాల్ కలుపుతున్నాం, ఆటోలు కరెంటువి వస్తున్నాయి. అందుకే ఇప్పుడు కట్టే రిఫైనరీలన్నీ ప్లాస్టిక్ ముడిసరుకు చేసే యూనిట్లతో కలిపే కడుతున్నారు. రామాయపట్నం దగ్గర బీపీసీఎల్ దాదాపు లక్ష కోట్ల రూపాయలతో అనుకుంటున్నది కూడా ఆ రకమే. భూమి పని అయి, సివిల్ అయి, నీలాంటివాళ్ల దాకా రావడానికి టైం పడుతుంది. దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోకు.

కోనసీమ_కొబ్బరి | 17 నవంబర్, సాయంత్రం 6:02

నేను మీ రంగం మనిషిని కాదండి. మా పొలం కింద పైపు ఉంది, ఆ అర్హతతో రాస్తున్నాను.

ఖర్చు తగ్గించడం, సామర్థ్యం పెంచడం అని చాలా అందంగా చెప్పారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని 65 రోజులు మండింది. అప్పుడు నాకు పదకొండేళ్లు. రాత్రిళ్లు లాంతరు అవసరం లేకపోయింది మాకు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపు పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. టీ కొట్టు పెట్టుకున్నవాళ్లు, ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు. పొడి గ్యాస్ పోవాల్సిన పైపులో తడి గ్యాస్ పంపారని, లోపల నీరు చేరి పైపుని తినేసిందని తర్వాత తేల్చారు. ఆ తేమ తీసే యంత్రం ఖరీదెంత? అది పెట్టకపోవడం కూడా ఎవరో ఒకరు ఖర్చు తగ్గించినట్టే లెక్క.

మా చెట్లు మొవ్వు ఎండి నిలబడి ఉంటాయి. పైపు మీద అడ్డంగా ఆరు మీటర్లు ఏ చెట్టూ వేయకూడదన్నారు, సరే అన్నాం. ఏటా ఒకసారి వచ్చి పసుపు రాళ్లకి రంగు వేసి వెళ్తారు. రాయికి రంగు వేసేవాడు కింద పైపు ఎలా ఉందో చెప్పలేడు కదండీ.

ఇంకోటి. ఇక్కడి సముద్రంలో తీసిన గ్యాస్ గాడిమొగలో ఒడ్డెక్కి గుజరాత్ దాకా పద్నాలుగు వందల కిలోమీటర్లు పోతుంది. నేల మీద తీస్తే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది, సముద్రంలో తీసినదానికి కేంద్రానికి పోతుంది. ఇప్పుడు వ్యాపారమంతా సముద్రంలోకి జరిగిపోతోంది అంటున్నారు. అంటే మాకు మిగిలేది పాత బావులు, పాత పైపులే కదా?

గోదారి_గట్టు | 17 నవంబర్, రాత్రి 8:15

కొబ్బరిగారూ, పాశర్లపూడి మంటల దగ్గర నేనున్నాను. చాలా దూరం నుంచే మొహానికి సెగ కొట్టేది. నీళ్లు చిమ్ముతూ ఒక్కో ఇనుప ముక్కనీ లాగాం. మీరు రాసిన దాంట్లో ఒక్క మాట కూడా కాదనను.

ఒక్కటి మాత్రం కలుపుతాను. పాత ఫీల్డుని కాపాడుకోవడమే ఇప్పుడు మన దేశంలో పెద్ద వ్యాపారం. ముంబై హైలో తగ్గిపోతున్న ఉత్పత్తిని పెంచడానికి ఓఎన్‌జీసీ ఈ జనవరిలో బ్రిటన్ కంపెనీ బీపీని టెక్నికల్ పార్ట్‌నర్‌గా పెట్టుకుంది. యాభై ఏళ్ల ఫీల్డుకి బయటి కంపెనీ వచ్చి సలహా చెప్పి, పెరిగిన ఉత్పత్తి మీద వచ్చే ఆదాయంలో వాటా తీసుకుంటుంది. నా సర్వీసులో ఇలాంటిది ఊహించలేదు. తాటిపాక, మోరి, కేశనపల్లి వైపు బావులకీ వర్క్‌ఓవర్ (పాత బావి రిపేరు) పని పెరుగుతుంది. కొత్తగా తీసిన బావి గ్యాస్‌కి పాత ధర కంటే ఐదో వంతు ఎక్కువ ఇస్తున్నారు కాబట్టి కంపెనీకి కూడా ఆశ ఉంటుంది. ఆ డబ్బులో పైపు పిగ్గింగ్‌కీ (లోపలికి పరికరం పంపి శుభ్రం చేసి చూడటం) తుప్పు పరీక్షకీ ఎంత పోతోందో గ్రామసభలో అడగండి. కాగితం మీద అడగండి.

మీటర్_రీడింగ్ | 18 నవంబర్, ఉదయం 10:10

గోదావరి జిల్లాల్లో పైపు గ్యాస్ అమ్మే పనిలో ఉన్నాను. ధరల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. చాలామంది గ్యాస్‌కి ఒకే ధర ఉంటుందనుకుంటారు. మా బిల్లులో నాలుగు రకాల గ్యాస్ కలిసి ఉంటుంది.

ప్రభుత్వ కంపెనీల పాత బావుల గ్యాస్ చవక. 2023 ఏప్రిల్ నుంచి దాని ధర మనం కొనే క్రూడ్ సగటు ధరలో 10 శాతం. కానీ పై హద్దు ఉంది. ఒక ఎంఎంబీటీయూకి (గ్యాస్ ఇచ్చే వేడిని కొలిచే లెక్క) మొదట 6.5 డాలర్లు, 2025 ఏప్రిల్ నుంచి 6.75. కొత్త బావిదైతే 12 శాతం. కేజీ లోతు సముద్రం గ్యాస్‌కి వేరే గరిష్ఠ ధర, అది పది డాలర్ల దరిదాపుల్లో ఉంటోంది. నాలుగోది ఓడల్లో వచ్చే ఎల్‌ఎన్‌జీ, అంటే చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్. పాత బావులు తగ్గిపోతున్నాయి కాబట్టి చవక గ్యాస్ వాటా తగ్గుతోంది. 2024 అక్టోబర్, నవంబర్‌లలో రెండుసార్లు కోశారు, ఒక్కోసారి దాదాపు ఐదో వంతు. జనవరిలో కొంత తిరిగి ఇచ్చారు. సీఎన్‌జీ ఆటోవాళ్లకి ఇదంతా తెలియదు, బంకు దగ్గర రేటు మారితే మమ్మల్ని అడుగుతారు.

రాజమండ్రిలో ఒక హోటల్ యజమాని ఉన్నారు. కౌంటర్ దగ్గర ఎర్ర అట్ట పుస్తకం. ఒక పేజీలో 19 కిలోల సిలిండర్ ధర, ఎదురు పేజీలో మా పైపు గ్యాస్ ధర, నెలనెలా రాస్తారు. పైపు కనెక్షన్ తీసుకున్నా వెనక షెడ్డులో ఆరు సిలిండర్లు ఉంచుకుంటారు. "అమ్మా, ఏది చవకైతే ఆ కుళాయి తిప్పుతాను" అంటారు. నేనైతే ఆయన్ని తప్పు పట్టను. దేశం కూడా అదే చేస్తోంది. ఎల్‌పీజీలో 60 శాతం దిగుమతే, అదీ ఎక్కువగా గల్ఫ్ నుంచే. నిన్న చూశారుగా, 2026కి అమెరికా నుంచి 22 లక్షల టన్నుల ఎల్‌పీజీకి మన ప్రభుత్వ కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. మనం తెచ్చుకునేదాంట్లో అది పదో వంతు.

వేమగిరి_పాత_ఉద్యోగి | 18 నవంబర్, మధ్యాహ్నం 12:45

గ్యాస్ పెరుగుతుంది, పని వస్తుంది అని ఎవరు చెప్పినా నాకు గుండెల్లో రాయి పడుతుంది.

కేజీ సముద్రంలో రిలయన్స్ వాళ్ల డీ6 గ్యాస్ బ్లాకు 2009 ఏప్రిల్‌లో మొదలైంది. రోజుకి 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయన్నారు. 2010లో 6 కోట్ల దాకా వచ్చింది కూడా. ఆ లెక్క చూసుకుని వేమగిరి, కొండపల్లి, జేగురుపాడుల్లో ప్లాంట్లు కట్టారు, పెంచారు. సామర్లకోటలో ఏకంగా రెండు వేల మెగావాట్లకి పైన కట్టారు. బావుల్లోకి నీరు, ఇసుక వచ్చేశాయి. 10 టీసీఎఫ్ (పది లక్షల కోట్ల ఘనపు అడుగులు) అన్న నిల్వ 3 దగ్గరికి కుదించారు. 2013 వచ్చేసరికి ప్లాంట్లకి గ్యాస్ లేదు. నేను కంట్రోల్ రూంలో ఉండేవాణ్ని. టర్బైన్ తిరగకపోయినా షాఫ్ట్ వంగకుండా రోజూ నెమ్మదిగా తిప్పాలి. ఆ పని చేయడానికి షిఫ్టుకి వెళ్లేవాళ్లం. కరెంటు తయారు చేసే చోట మా లైట్ల కోసం బయటి కరెంటు కొనుక్కునేవాళ్లం. దేశం మొత్తంలో 14 వేల మెగావాట్ల గ్యాస్ ప్లాంట్లు అలా పడి ఉన్నాయి.

మొదటి డీ1, డీ3 ఫీల్డులు 2020 ఫిబ్రవరిలో మూసేశారు. తర్వాత ఆర్ క్లస్టర్, శాటిలైట్ క్లస్టర్, ఎంజే వచ్చాయి. మళ్లీ 3 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లింది, ఇప్పుడు మళ్లీ తగ్గుతోంది. నేల కింద ఉన్నదాని మీద పందెం వేసి ఊళ్లు కట్టుకోకూడదు. తమ్ముడూ, ఎక్కడ చేరినా కాంట్రాక్ట్ ఎన్నాళ్లకో అడుగు. ఆ తేదీ తర్వాత ఏంటో అదీ అడుగు.

మిడ్‌ల్యాండ్_తెలుగు | 18 నవంబర్, రాత్రి 9:30

వేమగిరి అన్నగారూ, మీ పోస్టు ఇక్కడ మా టీములో ఇద్దరికి చదివి వినిపించాను. రిజర్వాయర్ ఇంజినీర్లు లెక్క తప్పితే ఎవరి ఇంట్లో దీపం ఆరుతుందో మాకు చదువులో ఎవరూ చెప్పలేదు.

సర్జాపూర్_స్క్రీన్ | 19 నవంబర్, ఉదయం 11:00

బెంగళూరు నుంచి. మాది కావలి. నేను ఒక విదేశీ ఆయిల్ కంపెనీ ఇంజినీరింగ్ సెంటర్‌లో ఉన్నాను, పేరు చెప్పలేను. మిడ్‌ల్యాండ్ అన్నయ్య వరుసలో ఖాళీ అయిన కుర్చీల పనిలో కొంత మా దగ్గరికి వచ్చింది. ఇది రాయడానికి ఇబ్బందిగానే ఉంది. కానీ ఈ చర్చలో దాచిపెట్టి లాభం లేదు.

షెవ్రాన్ 2024లో బెంగళూరు సెంటర్ మీద వంద కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. ఎక్సాన్, షెల్ ఎప్పటినుంచో ఇక్కడ ఉన్నాయి. ఇదివరకు ఇక్కడ బిల్లులు, ఐటీ సపోర్ట్ చేసేవాళ్లు. ఇప్పుడు బావి డిజైన్, నేలలోకి పంపిన తరంగాల (సీస్మిక్) డేటా చదవడం, పంపు ఎప్పుడు చెడిపోతుందో ముందే పట్టడం, అన్నీ ఇక్కడే. నా స్క్రీన్ మీద ఎక్కడో సముద్రంలో ఉన్న కంప్రెసర్ వైబ్రేషన్ కనపడుతుంది. గీత కొంచెం పైకి లేస్తే మేం ఫోన్ చేస్తాం, అక్కడివాళ్లు వెళ్లి చూస్తారు. రెండో సంవత్సరం తమ్ముడూ, నువ్వు చూడాల్సిన చోటు ఇది.

కానీ ఉద్దానం అన్నా, గీత లేచాక ఆ కంప్రెసర్‌ని ఎవరో ఒకరు గొలుసు కట్టి లేపాలి. ఆ పని స్క్రీన్ మీద అవ్వదు.

ఉద్దానం_రిగ్గర్ | 19 నవంబర్, రాత్రి 9:50

అందరివీ రెండేసి సార్లు చదివాను. నాన్నకి కూడా చదివి వినిపించాను. కోనసీమ అన్న రాసింది విని ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

నిన్న ఒక ఏజెంట్ ఫోన్ చేశాడు. ఖతర్‌లో రాస్ లఫ్ఫాన్ ప్రాజెక్టుకి రిగ్గర్లు కావాలట, లక్షా నలభై వేలు కట్టమంటున్నాడు. మా ఊళ్లో ముగ్గురు కట్టేశారు. వెళ్లాలా?

మల్కాపురం_గేటు | 19 నవంబర్, రాత్రి 10:05

కట్టకు. రిజిస్టరైన ఏజెంట్ తీసుకోవాల్సింది ఎక్కువలో ఎక్కువ 30 వేలు, పైన జీఎస్టీ. అంతే చట్టం. ప్రభుత్వం వాళ్ల ఈ-మైగ్రేట్ సైట్‌లో వాడి లైసెన్స్ నంబర్ కొట్టి చూడు. నంబర్ ఇవ్వనంటే అక్కడితో వదిలెయ్. ఆ ముగ్గురికీ ఇదే చెప్పు, రసీదు ఉంటే దాచుకోమను.

ఖతర్‌లో పని ఉన్నమాట మాత్రం అబద్ధం కాదు. ఏడాదికి 7.7 కోట్ల టన్నుల ఎల్‌ఎన్‌జీని 2030కల్లా 14.2 కోట్లు చేస్తున్నారు. మనం కూడా 2028 నుంచి మరో ఇరవై ఏళ్లకి, ఏటా 75 లక్షల టన్నులకి సంతకం పెట్టాం. కడుతున్నంతకాలం రిగ్గర్లు వేలల్లో కావాలి. కట్టడం అయిపోయాక కొద్దిమందే. నువ్వు వెళ్తే ఆ మొదటి ముక్కలోనే ఉంటావు.

గోదారి_గట్టు | 19 నవంబర్, రాత్రి 10:30

తమ్ముడూ, నీ బోసియెట్ సర్టిఫికెట్ (సముద్రంలో పనికి కావాల్సిన భద్రతా శిక్షణది) ఎప్పటిది?

ఉద్దానం_రిగ్గర్ | 19 నవంబర్, రాత్రి 10:34

2021 ఆగస్టు, సార్.

గోదారి_గట్టు | 19 నవంబర్, రాత్రి 10:52

నాలుగేళ్లే చెల్లుతుంది. ఆగస్టుకి ముందే చేయించుకుంటే ఒకరోజు రిఫ్రెషర్‌తో పోయేది. ఇప్పుడు మళ్లీ మొత్తం కోర్సు, మూడు రోజులు. నీళ్లలో హెలికాప్టర్ డబ్బా తిరగేస్తారు కదా, అదంతా మళ్లీ. డబ్బు పోయినా ముందు అది చెయ్యి. అది లేకుండా కాకినాడలో ఏ బోటూ ఎక్కనివ్వరు.

నా ఉద్దేశం చెబుతాను. కేజీ సముద్రంలో ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరి 7న మొదటి ఆయిల్ వచ్చింది, అనుకున్నదానికంటే రెండేళ్లు పైనే ఆలస్యంగా. అక్కడ ఆర్మడా స్టెర్లింగ్ ఫైవ్ అనే ఓడ మీదే ఆయిల్ శుద్ధి చేసి నిల్వ పెడతారు. ఎంజే ఫీల్డు దగ్గర అలాంటిదే రూబీ అనే ఓడ ఉంది. డ్రిల్లింగ్ ఆగినా ఆ ఓడలు ఆగవు. ఫీల్డు ఉన్నన్నాళ్లూ ఏటా మెయింటెనెన్స్ ఉంటుంది, సరుకు లేపాలి, దించాలి. జీతం సౌదీ అంత రాదు. కానీ విడతకి నాలుగు వారాలు పని చేసి నాలుగు వారాలు ఇంట్లో ఉంటావు. మీ నాన్నగారి సంగతి ఆలోచించే చెబుతున్నాను. కాకినాడలో పాత ఎరువుల ఫ్యాక్టరీ చోట గ్రీన్ అమ్మోనియా ప్లాంటు పని కూడా నడుస్తోంది, పూడిమడకలో హైడ్రోజన్ హబ్‌కి శంకుస్థాపన అయింది. బరువులు లేపేవాడికి ఆయిలైనా అమ్మోనియా అయినా ఒకటే.

మిడ్‌ల్యాండ్ అబ్బాయి పాత సంఖ్యలో ఉద్యోగాలు రావన్నాడు. నేను మొదట ఒప్పుకోలేదు, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ ఉన్న వాటికి పనిమంతులు దొరకట్లేదన్నది కూడా నిజం. నాకు తెలిసిన ఒక కాంట్రాక్టర్ రిగ్గర్ సూపర్‌వైజర్ కోసం రెండు నెలలుగా వెతుకుతున్నాడు.

కోనసీమ_కొబ్బరి | 20 నవంబర్, ఉదయం 6:40

తమ్ముడూ, ఆ పనిలో చేరితే ఒక్కటి గుర్తుపెట్టుకో. టైం లేదని ఎవరైనా తొందరపెట్టి పాత స్లింగు వాడమంటే వాడకు. మా ఊరి కోసం అడుగుతున్నాను.

ఉద్దానం_రిగ్గర్ | 20 నవంబర్, ఉదయం 7:15

వాడను అన్నా. రంగు లేని స్లింగుని నేనెప్పుడూ హుక్కుకి తగిలించలేదు.

ఉద్దానం_రిగ్గర్ | 27 నవంబర్, రాత్రి 8:20

అప్‌డేట్ ఇద్దామని వచ్చాను. ఆ ముగ్గురిలో ఇద్దరు డబ్బు వెనక్కి తెచ్చుకున్నారు. మూడోవాడిది ఇంకా తేలలేదు, ఫిర్యాదు పెట్టాం. నేను చెన్నైలో కోర్సు పూర్తి చేశాను. అక్క గొలుసు తాకట్టు పెట్టింది, మొదటి జీతంతో విడిపిస్తాను. గోదారి సార్ చెప్పిన కాంట్రాక్టర్‌తో ఫోన్‌లో మాట్లాడాను. కాంట్రాక్ట్ ఎన్నాళ్లని అడిగాను, పద్దెనిమిది నెలలు అన్నారు. తర్వాత ఏంటని కూడా అడిగాను. ఫీల్డు నడిస్తే రెన్యువల్, లేకపోతే లేదు అని సూటిగా చెప్పారు. సోమవారం కాకినాడ రమ్మన్నారు. నేను లేని నాలుగు వారాలూ నాన్నని పలాస తీసుకెళ్లడానికి బావ ఒప్పుకున్నాడు.

గోదారి_గట్టు | 27 నవంబర్, రాత్రి 8:41

శుభం. సర్టిఫికెట్లన్నీ ఒరిజినల్స్ తెచ్చుకో, జిరాక్సులు చూడరు. మెడికల్ అక్కడే చేస్తారు, ముందురోజు రాత్రి సరిగ్గా నిద్రపో, లేకపోతే బీపీ ఎక్కువ చూపించి వెనక్కి పంపుతారు. సామర్లకోటలో దిగి ఫోన్ చెయ్యి, నేను ఆ రోజు కాకినాడలోనే ఉంటాను.